తెరచాప పడవలో బ్యాటరీలు పెంచడం ఎలా: ముందు తూకం, తర్వాతే తీగ

పడవలో ఫ్రిజ్ పెట్టాక తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. ఇంకో రెండు వేద్దామనుకుంటారు. ఖాళీ ఎక్కడుందో చూసి పాత వాటి పక్కనో, వెనక లాకర్లోనో దూరుస్తారు. ఆ తర్వాత పడవ లంగరు వేసి ఉన్నప్పుడు కూడా ఓ పక్కకు ఒరిగి నిలబడుతుంది. వెనక భాగం కిందికి దిగి కాక్‌పిట్ డ్రెయిన్లలోంచి నీళ్లు పైకి తంతాయి. అలలో ముక్కు గుర్రంలా లేచి పడుతుంది. కరెంటు కనెక్షన్‌లో తప్పేమీ ఉండదు, తప్పంతా బరువు పెట్టిన చోటులో ఉంటుంది.

ఈ లెక్కలన్నిటికీ ఒకే పడవను ఉదాహరణగా తీసుకుందాం. 34 అడుగుల ఫైబర్‌గ్లాస్ క్రూజర్, బరువు 5.5 టన్నులు, నీటి గీత దగ్గర పొడవు 8.5 మీటర్లు. వెనక కుడివైపు పడక కింద రెండు పాత 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీలున్నాయి. ఒక్కోటి 27 కిలోలు. ఇంజను స్టార్టింగ్ బ్యాటరీ వేరే, దాని జోలికి పోవద్దు.

ఎంత కావాలో లెక్క

ఒక రోజు వాడకాన్ని కాగితం మీద పెట్టండి. ఫ్రిజ్‌కు 50 ఏహెచ్. ఆటోపైలట్ 4 ఆంపియర్ల చొప్పున ఆరు గంటలకు 24. దారి చూపే తెర చార్ట్‌ప్లాటర్ 10. వీహెచ్‌ఎఫ్ రేడియో ఊరికే వింటూ ఉంటే 6. లోపలి ఎల్‌ఈడీ దీపాలు 5, లంగరు దీపం 3, నీళ్ల పంపు 2, ఫోన్లు, ల్యాప్‌టాప్ 10. మొత్తం 110. ఇవి ఉదాహరణ పడవ అంకెలు. మీ పడవలో ఒక్కో స్విచ్ వేసి క్లాంప్ మీటర్‌తో కొలవండి, పరికరం వెనక అచ్చేసిన అంకె నమ్మొద్దు. ముఖ్యంగా ఫ్రిజ్ విషయంలో, ఉష్ణమండలపు నీళ్లలో అది వాడే కరెంటు చల్లటి ప్రాంతాల కంటే బాగా ఎక్కువ.

ఇంజను వేయకుండా రెండు రోజులు గడవాలంటే 220 ఏహెచ్ వాడుకోదగ్గది ఉండాలి. లెడ్ యాసిడ్‌ను సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి 440 ఏహెచ్ కొనాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 80 శాతం నిశ్చింతగా వాడొచ్చు కాబట్టి 300 సరిపోతుంది. బరువులో తేడా చూడండి. 440 ఏహెచ్ అంటే 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు నాలుగు, ఒక్కోటి సుమారు 29 కిలోలు, మొత్తం 116. లిథియం 100 ఏహెచ్‌వి మూడు, ఒక్కోటి సుమారు 12 కిలోలు, మొత్తం 36. అంటే పాత రెండిటి కంటే 18 కిలోలు తక్కువ.

ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీ చవగ్గా దొరుకుతుందని పడవలోకి ఎక్కించకండి. 150 ఏహెచ్‌ది 50 కిలోలు దాటుతుంది, ఎత్తు ఎక్కువ, మూతల్లోంచి నీళ్లు పోసే రకం. పడవ 25 డిగ్రీలు ఒరిగి గంటల తరబడి నడిచినప్పుడు ఆసిడ్ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

ఇంకో మాట. చార్జింగ్ పెంచకుండా బ్యాటరీలు మాత్రమే పెంచితే తొట్టి పెద్దదయిందే గానీ పంపు పాతదే. 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 60 ఏహెచ్ ఇస్తుంది, మన వాడకం 110. మిగతాది ఎక్కడ నుంచి వస్తుందో తేల్చకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు. లెడ్ యాసిడ్‌లో ఈ పొరపాటు ఇంకా ఖరీదు. చివరి 20 శాతం నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది, రోజూ నిండకుండా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఒకటి రెండు సీజన్లలో సామర్థ్యం పడిపోతుంది.

మీ పడవ త్రాసును మీరే కొలుచుకోండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఒక పొద్దుట పని, కావలసినవి ఒక టేపు, దారం, బరువు తెలిసిన ఇద్దరు మనుషులు.

గాలి లేని ఉదయం, తాళ్లు వదులు చేసి, నీళ్ల ట్యాంకు, డీజిల్ ట్యాంకు ఎంత నిండి ఉన్నాయో రాసుకోండి. సగం నిండి ఉంటే మంచిది. డింగీలో (వెంట ఉండే చిన్న పడవలో) కూర్చుని ముక్కు కొస నుంచి నీటి దాకా, వెనక కొస నుంచి నీటి దాకా కొలవండి. ఒక్కోటి మూడుసార్లు కొలిచి సగటు తీయండి. తర్వాత ఇద్దరూ (75 కిలోల చొప్పున 150 అనుకుందాం) మధ్య నుంచి మూడు మీటర్లు వెనక్కి వెళ్లి నిలబడాలి. 150 ఇంటూ 3, అంటే 450 కేజీ-మీటర్ల తోపు. మళ్లీ కొలవండి. ముక్కు లేచింది, వెనక దిగింది రెండూ కూడితే 7.5 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 450ని 7.5తో భాగిస్తే 60. అంటే ఈ పడవలో ముందు వెనకల మట్టం ఒక సెంటీమీటరు మారాలంటే 60 కేజీ-మీటర్లు కావాలి. ఈ సైజు పడవల్లో 55 నుంచి 70 మధ్య వస్తుంది. 30 వచ్చినా 150 వచ్చినా కొలతలో తప్పుంది.

పక్క ఒరుగు కొలవడానికి తాపీ మేస్త్రి గోడ నిలువు చూసుకునే గుండు దారం చాలు. పైన హ్యాచ్ నుంచి మీటరు పొడవు దారం వేలాడదీసి, గుండును నీళ్ల బకెట్లో ముంచండి, ఊగకుండా ఉంటుంది. దారం పక్కన స్కేలు అడ్డంగా బిగించండి. మీటరు దారానికి ఒక డిగ్రీ అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. 75 కిలోల మనిషిని మధ్య గీత నుంచి 1.3 మీటర్లు పక్కకు నిలబెడితే 97 కేజీ-మీటర్లు. దారం 17 మిల్లీమీటర్లు జరిగితే మీ పడవ డిగ్రీకి సుమారు 97 తీసుకుంటుందన్నమాట.

దూరాలు ఎక్కడి నుంచి కొలవాలి? పడవ ఊగే ఇరుసు నీటి గీత సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త వెనక్కి ఉంటుంది. 8.5 మీటర్ల పొడవులో ముందు కొస నుంచి 4.5 మీటర్లు అనుకుంటే చాలు. క్యాబిన్ నేల మీద అక్కడ టేపు ముక్క అంటించండి, లెక్కలన్నీ దాని నుంచే.

మన నేవీ తారిణి పేరు చాలామందికి తెలుసు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్న బృందం 2017-18లో దాని మీదే ప్రపంచం చుట్టి వచ్చింది. 56 అడుగులు, సుమారు 23 టన్నులు. అలాంటి పడవలో 60 కిలోలు అటో ఇటో అయినా ఎవరికీ పట్టదు. 5.5 టన్నుల దాంట్లో కంటికి కనిపిస్తుంది.

ఎక్కడ పెట్టాలి

పాత చోటు ఇరుసుకు 2.5 మీటర్లు వెనక, మధ్య గీతకు 1.1 మీటర్లు కుడివైపు. 54 కిలోలకు వెనక్కి 135, కుడికి 59 కేజీ-మీటర్లు. నాలుగు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు అక్కడే పెడితే వెనక్కి 290, కుడికి 128. అదనంగా వెనక్కి 155, కుడికి 69. మట్టం 2.6 సెంటీమీటర్లు చెడుతుంది, ఒరుగు 0.7 డిగ్రీ వస్తుంది. మొత్తం పడవ నీళ్లలో దిగడం మాత్రం నామమాత్రమే: ఒక సెంటీమీటరు దిగాలంటే ఈ పడవకు సుమారు 160 కిలోలు కావాలి, మనం కలిపింది 62. అందుకే "ఎంత బరువు" అని భయపడే వాళ్లకు చెప్పేది, భయపడాల్సింది చోటు గురించి.

ఇంకా లోతుగా పోతే, కొసల్లో పెట్టే బరువు దూరానికి వర్గంలో పనిచేస్తుంది. ఇరుసుకు 4 మీటర్ల ముందు, లంగరు లాకర్లో 30 కిలోల బ్యాటరీ పెడితే అలలో పడవ ఊపుకు అది కలిపే జడత్వం 480. మధ్య నుంచి ఒక మీటరు దూరంలో 60 కిలోలు పెడితే 60 మాత్రమే. సగం బరువు, ఎనిమిది రెట్ల బాధ. లంగరు లాగే మోటారు విండ్లస్‌కు కేబుల్ ఖర్చు తగ్గుతుందని ముక్కులో బ్యాటరీ పెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

కాబట్టి మంచి చోటు క్యాబిన్ మధ్యలో బెంచీల కింద, మాస్ట్‌కు (తెరచాప స్తంభానికి) దగ్గరగా, వీలైనంత కింద. అక్కడి ట్యాంకుతో తగువు వస్తుంది. నీళ్ల ట్యాంకుకు ఎదురు తూకంగా బ్యాటరీలు పెట్టొద్దు. 150 లీటర్ల ట్యాంకు నిండితే 150 కిలోలు, వారానికి ఖాళీ, బ్యాటరీ మాత్రం ఎప్పుడూ అక్కడే. స్థిరమైన బరువుకు స్థిరమైన బరువే జోడీ.

లెడ్ యాసిడ్ అయితే ఇలా. రెండు జతలు చేయండి, ఒక్కో జతలో రెండు 6 వోల్టులవి సిరీస్‌లో. ఎడమ బెంచీ కింద ఒక జత 58 కిలోలు, కుడి బెంచీ కింద ఒక జత 58. రెండూ ఇరుసుకు 0.3 మీటర్లు వెనక. పక్క తూకం వాటిలో అవే కొట్టేసుకుంటాయి. వెనక్కి తోపు 135 నుంచి 35కు తగ్గుతుంది, అంటే వెనక భాగం లేచింది, ముక్కు దిగింది కలిపి మట్టం 1.7 సెంటీమీటర్లు మారుతుంది. చాలా క్రూజర్లు డింగీ, సోలార్ ఫ్రేము, వెనక లాకర్ సామాను వల్ల ముందే వెనక్కి కూర్చుని ఉంటాయి కాబట్టి ఇది వరమే.

కానీ ఇక్కడో మెలిక ఉంది. కుడివైపు నుంచి 59 తీసేశాం కదా, పడవ ఇప్పుడు 0.6 డిగ్రీ ఎడమకు ఒరుగుతుంది. బరువు పెట్టడమే కాదు, తీయడం కూడా ఒరిగిస్తుంది. బ్యాటరీలను తిట్టకుండా, ఎడమ లాకర్లో ఉన్న 30 కిలోల పనిముట్ల పెట్టెను కుడి లాకర్లోకి మార్చండి. మధ్యలో దూరం 2 మీటర్లు, 30 ఇంటూ 2 అంటే 60. సరిపోయింది.

లిథియం అయితే అంత తతంగం లేదు. మూడూ కుడి బెంచీ కింద ఒకే పెట్టెలో పెట్టండి, ఫ్యూజులు, తీగలన్నీ కలిసే బస్‌బార్లు, డీసీ-డీసీ చార్జర్ కలిపి 42 కిలోలు, మధ్య గీతకు 0.9 మీటర్లు. కుడికి 38, పాతదాని కంటే 21 తక్కువ. 0.2 డిగ్రీ, ఎవరికీ తెలియదు. ప్రమాదం వేరే చోట ఉంది. బరువు మిగిలింది కదా అని వెనక స్టెయిన్‌లెస్ ఆర్చ్, దాని మీద ఇంకో రెండు ప్యానెళ్లు పెడతారు. అది 45 కిలోలు, పడవ చిట్టచివర, డెక్‌కు రెండు మీటర్ల పైన. బ్యాటరీల్లో సంపాదించింది అక్కడ వడ్డీతో సహా పోతుంది.

బెంచీ కింద ఖాళీ ఉందని సంబరపడే ముందు ఆటోపైలట్ కంపాస్ ఎక్కడుందో వెతకండి. పడవ ఊపు తక్కువ ఉండే చోటని దాన్ని కూడా మాస్ట్ దగ్గర, బెంచీ కిందే బిగిస్తారు. పక్కనే 150 ఆంపియర్లు పారే కేబుల్ వస్తే అది దారి తప్పుతుంది. కనీసం ఒక మీటరు దూరం పెట్టండి, ప్లస్, మైనస్ కేబుళ్లను జంటగా అంటించి కట్టండి. పని అయ్యాక ఇన్వర్టర్ మీద పెద్ద లోడు వేసి తీసి, దిశ అంకె కదులుతోందేమో చూడండి.

ఇంజను గదిలో మాత్రం ఏ రకమూ వద్దు. వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగం అవుతుంది.

పీఠం

పడవ తలకిందులైనా బ్యాటరీ తన చోట్లోంచి కదలకూడదు, పీఠం కట్టేటప్పుడు మనసులో ఉండాల్సింది అదే. అమెరికాలో పడవలకు ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ లెక్క ప్రకారం ఏ దిక్కుకు లాగినా అంగుళం మించి కదలకూడదు.

పీఠం అతికే చోట పెయింటును 40 నంబరు గరుకు కాగితంతో గీకి తీసేసి అసిటోన్‌తో తుడవండి. 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పీఠాన్ని పడవ లోపలి పక్కటెముకల మీద ఆనేలా కోసి, మూలల్లో ఎపాక్సీ ముద్దతో గుండ్రం తీర్చి, పైన రెండు పొరల గ్లాస్ క్లాత్ వేయండి, అంచు 75 మిల్లీమీటర్లు గోడ మీదికి రావాలి. పట్టీలకు నట్టు బోల్టులే, చెక్కలోకి బిగించే స్క్రూలు వద్దు. స్క్రూ పొడవు కొలవకుండా పడవ అడుగులోకో, నీళ్ల ట్యాంకులోకో దించేసినవాళ్లు తక్కువేం కాదు. పీఠం పైభాగం అడుగున చేరే నీటి మట్టానికి బాగా పైన ఉండాలి. లెడ్ యాసిడ్ పెట్టెకు పైనుంచి గాలి పోయే దారి వదలండి, హైడ్రోజన్ పైకి పోతుంది. బ్యాటరీల మధ్య 10 మిల్లీమీటర్ల సందు రెండు రకాలకూ అవసరమే.

తీగలు, ఫ్యూజులు

కేబుల్ మందానికి ఒకే సూత్రం: ఆంపియర్లు ఇంటూ రానూపోనూ పొడవు (మీటర్లలో) ఇంటూ 0.0175, భాగారం స్క్వేర్ ఎంఎం. వచ్చింది వోల్టుల నష్టం. 12 వోల్టులకు మూడు శాతం, అంటే 0.36 దాటొద్దు. రెండు వేల వాట్ల ఇన్వర్టర్ సుమారు 185 ఆంపియర్లు లాగుతుంది. మూడు మీటర్ల దూరానికి పొడవు ఆరు. 50 స్క్వేర్ ఎంఎంకు 0.39 వస్తుంది, పనికిరాదు. 70కి 0.28, సరిపోయింది. ఆ 70 కేబుల్ మీటరుకు ముప్పావు కిలో ఉంటుంది, దీన్నీ బరువు లెక్కలో వేయండి.

తగరం పూసిన రాగి కేబులే కొనండి, మామూలు రాగి ఉప్పు గాలికి లోపల నల్లబడుతుంది. కేబుల్ కొసకు తగిలించే లగ్గులను సుత్తితో కొట్టే పరికరంతో కాకుండా ఆరు పలకల హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, జిగురున్న హీట్‌ష్రింక్ వేయండి. టెర్మినల్ మీద ముందు లగ్గు, దాని పైన వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య స్టీల్ వాషరు పడితే కరెంటంతా దానిగుండా పోయి కాలుతుంది. కాలిపోయిన టెర్మినళ్లను విప్పి చూస్తే తరచూ కనిపించేది ఇదే.

రెండు మూడు బ్యాటరీలను పక్కపక్కనే ప్యారలల్‌లో కలిపితే ప్లస్ మొదటి దాని నుంచి, మైనస్ చివరి దాని నుంచి తీయండి. రెండూ ఒకే బ్యాటరీ నుంచి తీస్తే ఆ ఒక్కటే ఎక్కువ పనిచేసి ముందు పోతుంది. లెడ్ యాసిడ్ జతలు రెండు బెంచీల కింద ఉన్నప్పుడు రెండు వైపుల నుంచీ సమాన పొడవు కేబుళ్లు బస్‌బార్‌కు రావాలి. కుడి జత దగ్గరైనా సరే, ఎడమ దానికి ఎంత కేబులో దీనికీ అంతే, మిగిలింది చుట్టి కట్టండి. పాత బ్యాటరీలు ఇంకా బాగున్నాయి కదా అని కొత్త వాటితో కలపొద్దు.

ప్రతి ప్లస్ కేబుల్‌కూ బ్యాటరీకి 18 సెంటీమీటర్లలోపు ఫ్యూజు ఉండాలి. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారి వస్తాయి, మామూలు ఫ్యూజు కాలినా మధ్యలో మెరుపు ఆరదు. అందుకే ప్రధాన ఫ్యూజు 20,000 ఆంపియర్లను ఆపగల క్లాస్ టీ రకం, ఈ ఇన్వర్టర్‌కు 250 ఆంపియర్లది. ఒక్కో బ్యాటరీకి 125 ఆంపియర్ల టెర్మినల్ ఫ్యూజు. బ్యాటరీ మీటర్ కోసం కరెంటు కొలిచే షంట్ పెట్టాక అన్ని మైనస్ తీగలూ దాని లోడు వైపే కలవాలి. ఒక్క బిల్జ్ పంపు మైనస్ నేరుగా బ్యాటరీకి వెళ్లినా మీటర్ చూపించే శాతం రోజురోజుకూ అబద్ధమవుతుంది.

చార్జింగ్

లిథియంను పాత ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపొద్దు. అది ఇచ్చినంతా మింగుతుంది, 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ తక్కువ స్పీడులో గంటసేపు పూర్తి లోడుతో తిరిగితే చుట్టలు మాడిపోతాయి. పైగా బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ బీఎంఎస్ మధ్యలో ఆపేస్తే ఆ వోల్టేజీ దెబ్బకు డయోడ్లు పోతాయి. ఆల్టర్నేటర్‌ను స్టార్టింగ్ బ్యాటరీకే ఉంచి, అక్కడి నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ ద్వారా లిథియంకు ఇవ్వండి. పాత స్విచ్‌లో ‘బోత్’ అనే స్థానం ఉంటే దాన్ని పనిచేయకుండా చేయండి. రెండు రకాలూ నేరుగా కలిస్తే లిథియం నుంచి లెడ్ యాసిడ్‌లోకి కరెంటు పారుతూనే ఉంటుంది.

సోలార్ కంట్రోలర్, ఒడ్డు కరెంటుతో నడిచే షోర్ చార్జర్ అన్నిటిలో సెట్టింగులు మార్చాలి. లిథియంకు 14.2 వోల్టులు, ఫ్లోట్ 13.5, ఈక్వలైజేషన్ ఆపేయాలి, ఉష్ణోగ్రత సవరణ ఆపేయాలి. తయారీదారు అంకె వేరుగా ఉంటే అదే వేదం. సున్నా డిగ్రీల కింద లిథియంను చార్జ్ చేయకూడదు, చలి దేశాల్లో శీతాకాలం పడవ వదిలేసేవాళ్లు షోర్ చార్జర్ ఆపి వెళ్లాలి.

మూడు లిథియం బ్యాటరీలను కలిపే ముందు విడివిడిగా పూర్తిగా చార్జ్ చేసి, ప్యారలల్‌లో ఒక రోజు వదిలేయండి. అలా చేయకపోతే ఒకటి ముందే నిండి లేదా ముందే దిగి దాని బీఎంఎస్ కట్ అవుతుంది, దాని భారం మిగతా రెండిటి మీద పడి అవీ వరసగా కట్ అవుతాయి. రాత్రి సముద్రం మీద దీపాలు, ఆటోపైలట్, రేడియో ఒకేసారి చీకటి. అందుకే నావిగేషన్ దీపాలు, రేడియో స్టార్టింగ్ బ్యాటరీ మీదికి మారేలా వేరే చేంజోవర్ స్విచ్ పెట్టండి, రెండూ ఒకేసారి కలవని రకం. లిథియం వేసిన సంగతి బీమా వాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పండి.

పరీక్ష

అన్నీ బిగించాక 60 ఆంపియర్ల లోడు గంటసేపు నడపండి. ప్రతి లగ్గునూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి, పక్కదాని కంటే ఒకటి వేడిగా ఉంటే విప్పి మళ్లీ చేయాల్సిందే. మల్టీమీటర్ ఒక కొస టెర్మినల్ మీద, ఇంకో కొస లగ్గు మీద పెడితే కొద్ది మిల్లీవోల్టులే రావాలి, యాభై వస్తే ఆ జాయింటు వదులుగా ఉంది.

తర్వాత మళ్లీ డింగీ, టేపు, గుండు దారం. మొదట రాసుకున్న ట్యాంకు మట్టాలతోనే కొలవండి. లెక్కకూ కొలతకూ తేడా సెంటీమీటరు దాటితే ఏదో బరువు మర్చిపోయారు, ఎక్కువసార్లు అది తీసి ఒడ్డున పెట్టాల్సిన పాత బ్యాటరీలు ఇంకా కాక్‌పిట్ లాకర్లో ఉండటమే. మట్టం కుదిరాక రెండు వైపులా ఒరిగేలా ఓ గంట తెరచాపల మీద నడిపి, తిరిగొచ్చి ప్రతి పట్టీనీ, ప్రతి టెర్మినల్ నట్టునూ టార్క్ రెంచితో మళ్లీ ఒకసారి బిగించండి, నెల తర్వాత ఇంకోసారి.